జాబితాలో లేని మాట

మనసులు చదవొచ్చనుకుని సైకాలజీ తీసుకున్నాను.
మొదటి వారమే సినిక్కా టీచర్
బోర్డు మీద గంట బొమ్మలాంటి గీత గీసి
"మీలో చాలామంది ఈ మూపురం కిందే ఉంటారు" అంది.
అచ్చం మా ఊరి స్కీ కొండలా ఉంది అది.
మనసు ఊసే లేదు.
సగటు, విచలనం, నమూనా పరిమాణం.
లెక్కలు తప్పించుకుందామని వచ్చినవాళ్ళం
పెనం మీంచి పొయ్యిలో పడ్డాం.

కెమియార్వి. డిసెంబరు.
పదకొండింటికి దక్షిణాన ఆకాశం కాస్త ఎర్రబడుతుంది,
రెండు కొట్టకముందే అదీ సర్దుకుపోతుంది.
లుకియో రెండో ఏడు వాళ్ళకి ఇంటిపని:
పదిహేను మాటలు చదివి వినిపించండి, పదిమందికి.
గుర్తున్నవి రాయించండి.

మంచం. దిండు. దుప్పటి. ఆవలింత. కల.
గురక. రాత్రి. అలసట. కునుకు. జోల...
అసలు మాట జాబితాలో ఉండదు. కిటుకే అది.
రెయిన్‌డీర్ల దొడ్డికి కంచె వేసినట్టు
చుట్టూ మాటలు పాతి నడుమ ఖాళీ వదులుతాం.
వినేవాళ్ళే ఎక్కణ్ణుంచో దాన్ని తోలుకొచ్చి
తలుపు వేసేస్తారు:
నిద్ర.

హాకీ గోల్‌కీపర్ ఒస్సి రాశాడు, నిద్ర.
లైబ్రరీ బస్సు నడిపే హిల్కా వాదనకి దిగింది:
"నువ్వు చదివావు. ఒట్టు. నీ గొంతుతోనే విన్నాను."
చేపల కొట్టాయన తన పేరు రాయొద్దని చెప్పి
ఆ మాట కింద రెండు గీతలు గీశాడు.
తొమ్మిదికి తొమ్మిది.

పదోవాళ్ళు దొరక్క, మా నాన్న.
మంచు తోసే బండి నడుపుతాడు.
రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేస్తాడు,
మోగకపోయినా లేస్తాడు.
కరెంటు బిల్లు వెనక
వరస తప్పకుండా పద్నాలుగు రాశాడు.
"ఇంకొకటుంది."
"తెలుసు. గురక. అది రాయను."
"ఇవి కాక ఇంకేమైనా విన్నావా? బాగా ఆలోచించు."
"లేదు. నువ్వు అనలేదుగా."

తర్వాత, కప్పు కడుగుతూ, ఆ నెల మొత్తానికీ పెద్ద మాట మాట్లాడాడు:
మంచు తుఫానులో కళ్ళు లేని రోడ్డుని చూపిస్తాయట,
నమ్మి తిప్పితే నేరుగా చెరువులోకేనట.

ఆయన వెళ్ళాక వంటింట్లో చుట్టూ చూశాను.
నాలుగు కొక్కేల్లో మూడోది ఖాళీ.
సగం పిండిన చేతుల క్రీము.
ఎడమచేతి వాటం కత్తెర,
మా ఇద్దరిదీ కుడిచెయ్యే.
నార్వే ముద్రున్న కవరు, చదివి, మళ్ళీ అతికించినట్టు మడిచింది.
పగటిపూట సోఫాలో ఆయన గురక,
మోచేత్తో పొడిచి ఆపేవాళ్ళు లేక
అలా సాగుతూనే ఉంటుంది.

ఏడాదిన్నరగా ఈ మాటలే తిప్పి తిప్పి వాడుతున్నాం.
కత్తెర ఇలా ఇయ్యి. ఆ కొక్కేనికి వద్దు, పక్కదానికి.
నడిమి మాట ఇద్దరం అనం.
నేను రోజూ వింటాను.
ఒట్టు. ఆయన గొంతుతోనే.

"పదో వ్యక్తి గీతకి దూరంగా పడ్డాడు" అంది టీచర్.
"తీసెయ్యొచ్చు. తీసేస్తే కారణం రాయాలి."
కారణం గడిలో 'ఈ వ్యక్తి నిద్రపోడు' అని రాసి చెరిపాను.
ఇంకేదో రాసి అదీ చెరిపాను.
కాగితం అక్కడ పల్చబడి చిరిగింది.
తీసెయ్యలేదు. గ్రాఫు వంకరగానే ఇచ్చాను.
పదికి ఏడున్నర.

శుక్రవారం, ఆఖరి తేదీ, ఆయన బిల్లు అడిగాడు.
ఇచ్చేముందు వెనక్కి తిప్పాను.
పద్నాలుగు మాటల కింద,
వేరే రోజు వేరే పెన్సిలుతో,
అక్షరం కాస్త వణికి:

గురక.